పాత కాగితం, గుప్పెడు మెంతులు

పండగ వస్తుందంటే పిల్లలకు సంతోషం. మనకు మాత్రం సగం సంతోషం, సగం గుబులు. అవునా, కాదా?

ఆడపిల్లకు పుట్టింటి నుంచి ఏదో ఒకటి పంపాలి. పేరంటానికి వచ్చిన వాళ్ల చేతిలో పసుపు కుంకుమతోపాటు ఏదో ఒకటి పెట్టాలి. చెల్లెలు కాన్పయితే ఒట్టి చేతులతో పోలేము. ఇవన్నీ డబ్బుతో పనే.

మా వీధిలో ఒక అక్క ఉంది. కూతురికి పెళ్లయిన మొదటి సంక్రాంతికి ఐదు వేలు అప్పు తెచ్చింది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. అంటే ఐదు వేలకు నెలకు నూట యాభై. పన్నెండు నెలలకు పద్దెనిమిది వందలు. మళ్లీ సంక్రాంతి వచ్చేసరికి ఆమె కట్టింది ఒట్టి వడ్డీయే. అసలు ఐదు వేలు అట్లాగే ఉంది. ఆ ఐదు వేలతో కొన్నవాటిలో ప్లాస్టిక్ బుట్టలు, రంగు డబ్బాలు కూడా ఉన్నాయి. ఏడాది తిరక్కుండానే బుట్ట చెవి విరిగిపోయింది. వడ్డీ మాత్రం విరగలేదు.

ఈ లెక్క ఆమె తనే వేసింది. పలక మీద వేసి మాకు చూపించింది. రెండో సంక్రాంతికి అప్పు చేయనంది. "మరి సారె దేంట్లో పెట్టి పంపుతావే?" అని అడిగాం. "మా అమ్మ మెంతుల బుట్ట చేసేది. అదే చేస్తాను" అంది.

మెంతుల బుట్ట అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చేట చిరిగినా, వెదురు తట్టకు సందులు పడినా మన పెద్దవాళ్లు పారేసేవాళ్లు కాదు. పాత కాగితం నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ గుజ్జు పూసేవాళ్లు. చేట మళ్లీ కొత్తదయ్యేది. పిండి కూడా కారేది కాదు. అదే గుజ్జుతో ఏ వెదురూ లేకుండా బుట్టే చేయవచ్చు.

బుట్ట చేసే పద్ధతి

కావలసినవి నాలుగే. అర కిలో పాత కాగితం. నూరు గ్రాముల మెంతులు. బోర్లించడానికి ఒక గిన్నె. కొంచెం నూనె.

ఏ కాగితమైనా పనికొస్తుంది. పాత పేపర్లు, పిల్లల పాత నోటు పుస్తకాలు, ఏవైనా సరే. నున్నగా మెరిసే అట్టలు మాత్రం వద్దు. అవి తొందరగా నానవు. పిన్నులుంటే తీసేయండి. లేకపోతే రుబ్బేటప్పుడు వేలికి గుచ్చుకుంటాయి.

కాగితాన్ని చిన్న చిన్న ముక్కలుగా చించండి. నీళ్లలో వేసి రెండు మూడు రోజులు నాననివ్వండి. రోజూ నీళ్లు మార్చండి. మార్చకపోతే వాసన వస్తుంది. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా పేస్టులాగా అయిపోవాలి. అప్పుడు నానినట్టు.

మెంతులు ముందు రోజు రాత్రి వేరుగా నానబెట్టండి. తెల్లారి రుబ్బండి. మెంతుల జిగురు మీకు తెలుసు కదా, చేతికి పట్టుకుంటే వదలదు. ఆ జిగురే కాగితాన్ని పట్టి ఉంచుతుంది. మెంతుల చేదుకు పురుగు కూడా అంత తొందరగా పట్టదు.

కాగితాన్ని నీళ్లు పిండేసి రోట్లో వేసి రుబ్బండి. మెంతుల ముద్ద కలిపి మళ్లీ రుబ్బండి. చపాతీ పిండి ఎట్లా ఉంటుందో అట్లా రావాలి. పలచగా ఉంటే గిన్నె మీద నిలవదు, జారిపోతుంది. అప్పుడు గుడ్డలో వేసి కాసేపు పిండితే సరిపోతుంది. రోలు లేనివాళ్లు గ్రైండరులో వేయవచ్చు. మిక్సీలో అయితే కొంచెం కొంచెమే వేయండి. ఎక్కువ వేస్తే మిక్సీ కాలిపోతుంది. మిక్సీ ఖరీదు ముందు బుట్ట ఖరీదు ఎంత!

ఇప్పుడు గిన్నెను బోర్లించండి. దాని మీద పాత పాలిథిన్ సంచి గానీ తడి గుడ్డ గానీ కప్పండి. పైన కొంచెం నూనె రాయండి. గుజ్జును చపాతీ అంత ముద్దలుగా తీసుకుని అడుగు నుంచి మొదలుపెట్టి అంచుల దాకా అద్దుతూ రండి. చిటికెన వేలి మందంలో సగం ఉంటే చాలు. అన్నిచోట్లా ఒకే మందం ఉండాలి. ఒకచోట మందం, ఒకచోట పలచన అయితే ఎండేటప్పుడు పగులుతుంది. చివరికి అరచేయి తడిచేసుకుని, అలికినట్టు నున్నగా నిమరండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను చేసిన తప్పు మీరు చేయకండి. నేను మొదటిసారి బిందె మీద వేశాను. అందంగా ఉంటుందని బిందె మెడ దాకా అద్దాను. ఎండాక తీద్దామంటే రాలేదు. ఎట్లా వస్తుంది? బిందె నడుము లావు, మెడ సన్నం. చివరికి కత్తితో రెండు ముక్కలు చేసి తీశాను. అందరూ నవ్వారు. కాబట్టి మూతి వెడల్పుగా ఉన్న గిన్నె తీసుకోండి. బిందే గతి అయితే దాని నడుము వరకే అద్దండి. కిందికి దిగవద్దు.

మొదటి రోజు మెత్తటి ఎండలో పెట్టండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే పైపొర బిగుసుకుని పగులుతుంది. పైన గట్టిపడగానే మెల్లగా ఊడదీసి, లోపలి వైపు కూడా ఎండబెట్టండి. మొత్తం నాలుగైదు రోజులు పడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం మొదలుపెట్టకండి. తడి ఆరకపోతే బూజు పడుతుంది. నెల్లూరు వైపు కార్తీకంలో కూడా వానలుంటాయి కాబట్టి అక్కడివాళ్లు ఇంకొన్నాళ్లు ఆగాలి. తెలంగాణ వైపు దీపావళి దాటితే చాలావరకు పొడిగానే ఉంటుంది.

బుట్ట ఎండాక చేతితో తడితే డబ్బాలాగా టకటక చప్పుడు రావాలి. మెత్తటి చప్పుడు వస్తే లోపల ఇంకా తడి ఉందన్నమాట.

చింతగింజ జిగురు

ఒట్టి గుజ్జు బుట్ట గరుకుగా ఉంటుంది. లోపలా బయటా తెల్ల కాగితం అంటిస్తే నున్నగా వస్తుంది. అంటించడానికి మైదా గంజి చాలు. ఇంకా గట్టిగా ఉండాలంటే చింతగింజల జిగురు వాడండి. చింతగింజలు వేయించి, పైపొట్టు తీసి, రాత్రంతా నానబెట్టండి. మెత్తగా రుబ్బి, నీళ్లు కలిపి, సన్నటి మంట మీద కలుపుతూ ఉడికించండి. అడుగంటనివ్వకండి.

ఈ జిగురు చిన్నదేమీ కాదు. విజయవాడ దగ్గర కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. చేయి వేరు, తల వేరు చెక్కి, వాటిని అతికించేది చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతోనే. సిద్దిపేట జిల్లా చేర్యాలలో గుడ్డ మీద కథల బొమ్మలు గీస్తారు. ఆ గుడ్డను గట్టి చేయడానికీ ఈ గింజల జిగురు వాడతారు. ఆ బొమ్మలు ఇవాళ దేశమంతా కొంటున్నారు. మనం చింతపండు నలిపి గింజలు పెంట మీద పారేస్తున్నాం.

రంగు కోసం కొట్టుకు పోనక్కర్లేదు. గడపకు, అరుగుకు వేసే జాజు ఉంది. జాజులో కొంచెం జిగురు కలిపి పూయండి. ఆరాక సున్నంతో ముగ్గు పెట్టండి. మీ చేయి తిరిగిన ముగ్గు ఏదైనా సరే. మేం చూసిన బుట్టల్లో చుక్కల ముగ్గు వేసినదే అన్నిటికంటే బాగుంది. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు మాత్రం సున్నం, రంగులు పూయకండి.

బుట్టలో అరిసెలు, జంతికలు పెట్టి పంపవచ్చా? పంపవచ్చు. కానీ అడుగున శుభ్రమైన గుడ్డ గానీ విస్తరాకు గానీ వేయాలి. అచ్చు కాగితానికి సిరా ఉంటుంది. అది తిండికి అంటితే మంచిది కాదు. పేపర్లో తిండి పదార్థాలు పొట్లం కట్టవద్దని 2016లో ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ కూడా చెప్పింది. మనం ఇంకా బజ్జీలు పేపర్లోనే తింటున్నాం, అది వేరే సంగతి.

తడి వస్తువులు ఇందులో పెట్టకూడదు. నీళ్లతో కడగకూడదు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇట్లా వాడుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది.

పసిబిడ్డకు బొంత

బారసాలకు పోతే ఏం పట్టుకుపోవాలి? పాత నూలు చీర ఉంటే చాలు. పాత నూలు చీర అంత మెత్తటి గుడ్డ కొట్టులో దొరకదు. పాలిస్టరు చీర వద్దు. చెమట పీల్చదు, బిడ్డకు గాలి ఆడదు.

చీర సుమారు ఐదున్నర మీటర్లు ఉంటుంది. మధ్యకు రెండు ముక్కలు చేయండి. ఒక్కో ముక్క రెండుంముప్పావు మీటర్లు. దాన్ని నాలుగు మడతలు వేయండి. సుమారు డెబ్బై సెంటీమీటర్లు వస్తుంది. పసిబిడ్డ కింద పరచడానికి అది సరిగ్గా సరిపోతుంది. అంటే ఒక చీరకు రెండు బొంతలు. ఒకటి బిడ్డ కింద ఉంటే, ఒకటి ఎండలో ఆరుతుంది.

ముందు చీరను వేడి నీళ్లలో ఉడికించి, ఉతికి, మంచి ఎండలో ఆరబెట్టండి. మడతలు జరగకుండా నాలుగు వైపులా పెద్ద కుట్లు వేసుకోండి. తర్వాత సూది కిందికి దించి, పైకి తీసే మామూలు కుట్టే. వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ల దూరం ఉంచండి. చీర అంచు చింపి చుట్టూ వేస్తే పట్టీలాగా అందంగా ఉంటుంది.

నలుగురు కూర్చుని కుట్టేటప్పుడు ఎన్ని సూదులు తీశారో ముందే లెక్క పెట్టుకోండి. పని అయ్యాక మళ్లీ లెక్క పెట్టండి. నాలుగు తీసి మూడే కనబడితే, నాలుగోది దొరికే దాకా ఆ బొంత ఎవరికీ ఇవ్వకండి.

వరి పండే ఊళ్లవాళ్లకు ఇంకొకటి ఉంది. వరికుచ్చు. నూర్పిడికి ముందే పొడుగు కాడలున్న కంకులు కోసి, కాడలు తడిపి, మూడు పాయలుగా జడ అల్లినట్టు అల్లుతూ కొత్త కంకులు చేరుస్తూ పోవాలి. చూరుకు కడితే పిచ్చుకలు వస్తాయి. ఇవ్వడానికి ఇంతకంటే మంచి సంక్రాంతి కానుక నాకు తెలియదు.

కూలి మానుకోకండి

ఇది ముఖ్యం. బుట్ట కోసమని కూలి మానుకుంటే బజారు బుట్టే చౌక. సంక్రాంతి ముందు కోతలు, నూర్పిళ్లు ఉంటాయి. ఆ వారంలో కూర్చుని బుట్ట చేస్తామంటే కుదరదు. అందుకే నెల ముందు మొదలుపెట్టాలి. కాగితం నానడానికి మనం దగ్గర ఉండక్కర్లేదు. ఎండడానికీ మనం అక్కర్లేదు. మన చేయి పడేది రుబ్బేటప్పుడు ఒక గంట, అద్దేటప్పుడు ఒక గంట.

ఇంకో మాట. అన్నీ ఇంట్లో చేస్తే సరిపోతాయని నేను అనను. అల్లుడికి బట్టలు పెట్టాలంటే కొనాల్సిందే. పట్టింపులున్న ఇంట్లో మాటలు కూడా పడాల్సి రావచ్చు. ఏది కొనాలో, ఏది చేయాలో మీ ఇంటి సంగతి చూసి మీరే నిర్ణయించుకోండి.

మా వీధి అక్కకూ ఆ భయం ఉంది. "కాగితం బుట్టలో పెట్టి పంపిందని మా వియ్యపురాలు నవ్వితే నా కూతురు తల దించుకోవాలి కదా" అని రెండు రోజులు కుమిలింది. బుట్టకు జాజు పూసి, ముగ్గు వేసి కూడా అటకెక్కించింది. కూతురు కోసం అప్పుడు మళ్లీ కిందికి దించింది. అడుగున సున్నంతో తన పేరు రాసింది. కింద "మీ అమ్మ చేసింది" అని రాసింది. "చే"కు ఏత్వం ముందు మరిచిపోయింది. తర్వాత పక్కనే ఇరికించింది.

బుట్ట నిండా అరిసెలు పెట్టి పంపింది. ఖర్చు మెంతులకు, నూనెకు అయిందే. అరిసెలకు బియ్యం ఇంట్లోవే, బెల్లం మాత్రం కొన్నది.

కనుమ తెల్లవారి కూతురు వచ్చింది. చేతిలో అదే బుట్ట. ఆమె ముఖం తెల్లబోయింది. తిప్పి పంపారేమో అనుకుంది. గుడ్డ తీసి చూస్తే లోపల రెండు సోలల నువ్వులున్నాయి. ఖాళీ బుట్ట తిప్పి పంపకూడదని వియ్యపురాలు పోసి పంపిందట. నవ్విందా అని అడిగితే కూతురు దాచలేదు. "మొదట నవ్వింది. తర్వాత బోర్లించి నీ పేరు చదివించుకుంది. మెంతులు ఎన్ని పోశావో అడిగి రమ్మంది" అని చెప్పింది.

ఆ అక్క అప్పు ఇంకా తీరలేదు. కానీ ఈ ఏడు కొత్త అప్పు కలవలేదు. ఇప్పుడు గంగాళం మీద బుట్ట వేస్తానంటోంది. అంత బుట్టను ఎండకు ఎవరు తిప్పుతారో, ఎట్లా ఊడదీస్తారో నాకు తెలియదు. కాగితం మాత్రం నిన్ననే నానబెట్టింది.