స్పీడు ఊరికే రాదు, బ్యాటరీ కట్టాలి

కీసర టోలుగేటు దాటేలోపు ఫోన్లో ఒక రీలు అయిపోద్ది. ఆ రీలు గాల్లోంచి వచ్చేటప్పుడు అంకెల్లా రాదు. టవరు పంపేది అల, పెరుగుతా తరుగుతా వచ్చేది. ఫోనుకేమో సున్నా, ఒకటి తప్ప ఏదీ ఎక్కదు. ఆ అలని కొలిచి అంకెలుగా మార్చే చిన్న సర్క్యూటు మధ్యలో ఉంటది. దాని పేరు ఏడీసీ, అంటే అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్. ఈసీఈ చదివే మన పిల్లలు చాలామంది దీన్ని పరీక్షకి బట్టీ పట్టి వదిలేసి, సాఫ్ట్‌వేర్ కోర్సుకి అమీర్‌పేట బస్సెక్కుతున్నారు. నాకు మాత్రం అసలు కిటుకంతా ఈ సర్క్యూటులోనే ఉందనిపించిద్ది.

మిర్చి టిక్కీలు తూచే ఎలక్ట్రానిక్ కాటాలోనూ ఏడీసీ ఉంటది. తూకం మిషన్ల కోసమే చేసిన హెచ్‌ఎక్స్711 అనే చిప్పు సెకనుకి 10 సార్లో, 80 సార్లో కొలిచిద్ది. టిక్కీ ఎటూ పోదు గాబట్టి తొందరేం లేదు. 5జీ అల అట్టా ఆగదు. ఛానలు 100 మెగాహెర్ట్జ్ వెడల్పుంటే సెకనుకి కనీసం పది కోట్ల సార్లు కొలవాలి. అదీ జేబులో ఉన్న బ్యాటరీతోనే. ఫోను వేడెక్కటానికి ఇదొక్కటే కారణమని అనటంలా. తెర, ప్రాసెసరు ఇంకా ఎక్కువే తింటాయి. కానీ ఇదీ తన వాటా తాను తీసుకుంటది.

ఎట్టా కొలుస్తారో చూడండి. 16 కిలోల లోపు మూట ఒకటుంది. 1 నుంచి 15 కిలోల దాకా రాళ్ళేసిన 15 తక్కెళ్ళు వరసగా పెట్టి, అన్నిట్లో ఒకేసారి తూచామనుకోండి. చిటికెలో తేలిపోద్ది. దీన్ని ఫ్లాష్ పద్ధతి అంటారు. అయితే ఇది నాలుగు బిట్లకి 15 తక్కెళ్ళయితే, ఎనిమిది బిట్లకి 255, పది బిట్లకి 1023 అవుతాయి. అన్నీ కరెంటు తాగేయే.

మన తాతల కాలం నాటి పద్ధతి ఇంకోటుంది. తక్కెడ ఒక్కటే, రాళ్ళు నాలుగు: 8, 4, 2, 1. మూట 11 కిలోలనుకోండి. 8 పెడితే చాలదు, ఉంచాలి. 4 వేస్తే ఎక్కువైద్ది, తీసెయ్యాలి. 2 ఉంచాలి, 1 ఉంచాలి. నాలుగు అడుగుల్లో పదకొండు వచ్చేసింది. దీన్నే సార్ ఏడీసీ అంటారు. ఇక్కడ రాళ్ళ బదులు కెపాసిటర్లుంటాయి. కరెంటు తక్కువ తాగిద్ది గానీ, పది బిట్లకి పదిసార్లు చూడాలి గాబట్టి నిదానం.

ఇక్కడే 2010లో తైవాన్‌లోని నేషనల్ చెంగ్ కుంగ్ యూనివర్సిటీ వాళ్ళు ఒక ముచ్చటైన పని చేశారు. రాయి పెట్టి, బరువైతే తీసి, ఇంకోటి పెట్టటంలో శ్రమ దండగ గదా. వాళ్ళేమో ముందు తక్కెడ ఎటు వాలిందో చూసి, ఆ తరవాతే ఒక్కో అడుగుకి ఒక్క కెపాసిటరునే కదిపారు. దాంతో కెపాసిటర్లని మార్చటానికి పట్టే శక్తి పాత పద్ధతితో పోలిస్తే 81 శాతం తగ్గింది. పది బిట్ల సర్క్యూటు సెకనుకి 5 కోట్ల సార్లు కొలుస్తా తాగింది 0.826 మిల్లీవాట్లే. కొత్త మెటీరియలేం లేదు, చెయ్యక్కర్లేని పని మానేశారు, అంతే.

మరి వోల్టేజీ తగ్గించేస్తే పోలా? కొంతవరకు నిజమే. వోల్టేజీ సగమైతే కెపాసిటరు నింపే శక్తి నాలుగో వంతుకి పడిపోద్ది. కానీ సిగ్నలు కూడా చిన్నదైద్ది. వేడి వల్ల ఎలక్ట్రాన్లు చేసే గోల మాత్రం తగ్గదు. ఆ గోలలో ఇంకొక్క బిట్టు ఎక్కువ వినాలంటే కెపాసిటరు నాలుగింతలు పెంచాలి, దాన్ని నింపే కరెంటూ పెరిగిద్ది. ఒక చేత్తో మిగిల్చింది ఇంకో చేత్తో పోద్దన్నమాట. ఎక్కడ ఆగాలో తెలియటమే డిజైనరు పని.

ఇంకా స్పీడు కావాలంటే సార్ ఏడీసీలు ఎనిమిదింటిని వంతులేసి వాడతారు. ఎనిమిది కాటాలతో తూచినట్టే. ఒక కాటా 50 గ్రాములు తేడా చూపిస్తే ప్రతి ఎనిమిదో టిక్కీ లెక్క తప్పుద్ది. అందుకే ఆ తేడాలు సరిచేసే డిజిటల్ సర్క్యూటు పక్కన పెట్టాలి. దానికీ కరెంటు కావాలి మళ్ళీ.

ఇయ్యన్నీ బెంగుళూరు కంపెనీల్లోనే నేర్చుకోవాలని లేదు. మద్రాసు ఐఐటీ ప్రొఫెసర్ శాంతి పవన్ గారి డేటా కన్వర్షన్ సర్క్యూట్ల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉన్నాయి. గూగుల్, స్కైవాటర్ కలిసి 2020లో 130 నానోమీటర్ల చిప్పు తయారీ వివరాలు అందరికీ తెరిచేశాయి. తైవాన్ వాళ్ళు వాడింది కూడా ఆ సైజు టెక్నాలజీయే. సర్క్యూటు గియ్యటానికి ఎక్స్‌స్కెం, నడిపి చూడ్డానికి ఎన్‌జీస్పైస్, రెండూ ఉచితమే, మామూలు ల్యాప్‌టాపులో నడుస్తాయి. ముందు నాలుగు బిట్ల సార్ ఒకటి గీసి, స్పీడు రెండింతలు చేస్తా పోయి, ఒక్కో కొలతకి ఎంత శక్తి ఖర్చయిందో పక్కన రాసుకోండి.