దొంగలు దోచుకోలేని చదువు

ఇమామ్ గజాలీ (రహ్మలై) పేరు వినని ముస్లిం కుటుంబం అరుదు. 1058లో ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించి, 1091లో బాగ్దాద్ నిజామియా విద్యాలయంలో ఆచార్య పదవిని అలంకరించిన మహావిద్వాంసుడాయన. ఆయన విద్యార్థి దశలో జరిగిన ఒక సంఘటనను చరిత్రకారులు పేర్కొన్నారు.

జుర్జాన్‌లో చదువుకుని, గురువు చెప్పిన పాఠాలు రాసుకున్న కాగితాలతో ఆయన స్వస్థలానికి తిరిగి వస్తున్నారు. దారిలో దొంగలు పడి అంతా దోచుకున్నారు. గజాలీ వాళ్ళ నాయకుణ్ణి వెంబడించి, మిగతా సొత్తు ఉంచుకుని ఆ కాగితాలు మాత్రం ఇచ్చేయమని బతిమాలారు. వాటి కోసమే ఇల్లు విడిచి అంత దూరం వెళ్ళానన్నారు. నాయకుడు నవ్వాడు. సంచి లాక్కోగానే పోయేదాన్ని చదువని ఎలా అంటావని అడిగాడు. కాగితాలు తిరిగి ఇచ్చేశాడు గానీ, ఆ మాట గజాలీ మనసులో నాటుకుంది. తూస్ చేరాక మూడేళ్ళపాటు శ్రమించి, రాసుకున్నదంతా కంఠస్థం చేశారు.

రాసుకోవడం తప్పని దీనర్థం కాదు. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) తాము విన్న విషయాలు రాసుకోవడానికి దైవప్రవక్త (స) అనుమతించారు. అయితే రాత జ్ఞాపకానికి తోడు కావాలే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించరాదు.

నేడు మన పిల్లల నోట్సును దొంగలు ఎత్తుకుపోనక్కర్లేదు. అది పుస్తకంలో భద్రంగానే ఉంటుంది, బుర్రలో మాత్రం ఉండదు. పరీక్షల ముందు స్నేహితుల నోట్సు జిరాక్స్ తీయించుకునేవారి సంగతి సరేసరి!

మరి ఏం చేయాలి? అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ అనే అధ్యాపకుడు 1950లలో రూపొందించిన పద్ధతి చాలా సులువైనది. పేజీలో ఎడమవైపు మూడో వంతు గీత గీసి వదిలేయాలి. అడుగున నాలుగైదు వరుసలు ఖాళీగా ఉంచాలి. తరగతిలో కుడివైపు మాత్రమే రాయాలి. మాట మాటా రాయబోతే చెయ్యి వెనకబడుతుంది, చెవి మూతపడుతుంది. అందుకే విని, అర్థం చేసుకుని, ముఖ్యమైనది సొంత మాటల్లో క్లుప్తంగా రాయాలి. సూత్రాలు, నిర్వచనాలు మాత్రం ఉన్నదున్నట్లు దించుకోవాలి.

ఇంటికొచ్చాక ఎడమవైపు ప్రశ్నలు రాయాలి. ఉదాహరణకు కిరణజన్య సంయోగక్రియ పాఠమైతే, 'వెలువడే ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుంది?' అని. కుడివైపు చేత్తో మూసి జవాబు పైకి చెప్పాలి. 'నీటి నుంచి' అని చెప్పగలిగితే పాఠం వచ్చినట్లే. చివరగా పేజీ సారాంశాన్ని అడుగున రెండు వాక్యాల్లో రాయాలి.

ఈ పని అదే రోజు చేయాలి. నేర్చుకున్నదాంట్లో అధికభాగం తొలి గంటల్లోనే జారిపోతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రకటించారు. మళ్ళీ మర్నాడు, వారం తర్వాత ఒకసారి తిరగేస్తే మరుపు తగ్గుతుంది.

మన ఇళ్ళలో మరో చిక్కుంది. ఎందరో పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగు చదివి, కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు వినాల్సి వస్తుంది. అలాంటివారు పరీక్షలో రాయాల్సిన పదాన్ని ఇంగ్లీషులోనే రాసుకుని, పక్కన దాని అర్థాన్ని తమకు వచ్చిన భాషలో రాసుకోవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

తల్లిదండ్రులకూ ఇందులో పాత్ర ఉంది. 'నోట్సు రాశావా?' అని అడిగి ఊరుకోవద్దు. 'ఈ రోజు ఏం చెప్పారో నాకు చెప్పు బేటా' అని రోజూ పది నిమిషాలు కూర్చోబెట్టుకోండి. బిడ్డ పుస్తకం మూసి చెబుతుంటే వినడానికి అమ్మీకి చదువు రానక్కర్లేదు. అబ్బాయినే కాదు, అమ్మాయిని కూడా అడగండి.