బాత్రూం ఫ్యాను మార్చబోయి

మన సోలాపూర్‌లో నల్లా నీళ్లు నాలుగైదు రోజులకోసారి వస్తాయన్నది కొత్త సంగతేం కాదు. నీళ్లొచ్చిన రోజే ఇంటిల్లిపాదికీ తలస్నానాలు, బట్టలు ఉతుకుడు, డ్రమ్ములు నింపుడు. అట్లాంటి ఒక ఆదివారం, అందరి స్నానాలూ అయినంక ఆఖరికి మా తొమ్మిదేళ్ల మనవరాలు బాత్రూంలోకి పోయింది. ఎంతకీ బయటికి రాదు. కోడలు తలుపు కొడితే "వస్తున్ననే" అన్న మాట సన్నగా వినిపించింది. గడియ తీసి రెండడుగులేసి గడప మీదనే కూలబడ్డది పిల్ల. తలనొప్పి, కడుపులో తిప్పుడు, కళ్లు నిలవలేదు.

ఎత్తుకొని అంగట్లోకి, అక్కడినుంచి రిక్షాలో దవాఖానాకి. డాక్టరు జ్వరం చూడలేదు, ఏం తిన్నదని అడగలేదు. మొదటి ప్రశ్న, "ఇంట్ల గ్యాస్ గీజర్ ఉందా? బాత్రూం లోపలనా, బయటనా?" లోపలనే అన్నాను. "ఎగ్జాస్ట్ ఫ్యాను?" ఉంది, కాని దీపావళినుంచి తిరగడం లేదు. ఆయన నా మొహం ఒకసారి చూసి ఊరుకున్నాడు. పిల్లకు ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి లేచి కూర్చొని బిస్కెట్ అడిగింది.

ఆ గీజర్ బాత్రూంలో పెట్టించింది నేనే. బయట గోడకి పెడితే పైపు ఎక్కువవుతుంది, ఖర్చు అని. ఫ్యాను ఆగిందని కోడలు రెండుసార్లు చెప్తే "రేపు జూద్దాం తియ్యమ్మా" అన్నదీ నేనే. ఈ రెండు మాటలూ ముందు చెప్పుకోకుండా మిగతాది రాస్తే లాభం లేదు.

మరునాడే స్టూలు వేసుకొని ఫ్యాను కింద నిలబడ్డాను. మిల్లులో పనిచేసిన చెయ్యి కద, వైర్‌మన్‌ని పిలవడం నామోషీ. స్విచ్ ఆపి, అలవాటుగా టెస్టర్ పెట్టి చూశాను. టెస్టర్ వెలిగింది! స్విచ్ ఆపినా ఫ్యాను దగ్గర కరెంటు ఉంది. ఎవరో ఎప్పుడో స్విచ్చిని ఫేజు వైరుకి కాకుండా న్యూట్రల్‌కి కలిపారు. అట్లా కలిపితే ఫ్యాను ఆగుతుంది గాని వైరులో కరెంటు ఆగదు. తడి చేతులతో తడి గోడ దగ్గర పని. స్విచ్చిని నమ్మి ముట్టుకొని ఉంటే ఈ వ్యాసం ఇంకెవరో రాయవలసి వచ్చేది. స్టూలు దిగి మెయిన్ ఆపి, మళ్లీ రెండు వైర్లకీ టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి వేశాను. మీ ఇంట్లో కూడా స్విచ్ ఆపితే చాలనుకోవద్దు, మెయిన్ ఆపండి.

పాత ఫ్యాను ఊడదీస్తే వెనక పావురాల ఈకలు, బట్టల నూగు, సబ్బు ఆవిరికి గట్టిపడ్డ జిడ్డు. రెక్క చేత్తో తిప్పినా తిరగదు. గుడ్డతో తుడిచి, బుష్‌లో రెండు చుక్కల మగ్గం నూనె వేస్తే తిరిగింది గాని, కరెంటు ఇస్తే గుర్రుమని వణికి ఆగిపోయింది. కండెన్సర్ ఉబ్బి ఉంది. అది మారిస్తే ఇంకొన్నాళ్లు నడిచేదేమో. పిల్లని చూశాక ఆ పిసినారితనం నాకే నచ్చలేదు. కొత్తది కొందామనుకున్నా.

కొనడంలోనూ ఒక తిరుగుడు. గోడలో రంధ్రం ఎనిమిది అంగుళాలుంది కదా అని ఎనిమిది అంగుళాల ఫ్యాను తెచ్చాను. పట్టలేదు. డబ్బా మీద రాసేది రెక్కల కొలత, గోడకి కావలసిన రంధ్రం అంతకంటే పెద్దది. నలభై ఏళ్లు కొలతలతో బతికినవాడిని, మళ్లీ దుకాణానికి పోయి ఆరంగుళాలది, అంటే 150 మిల్లీమీటర్లది, మార్చుకొచ్చాను. చిన్నదని బాధేం లేదు. మా బాత్రూం నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడుగు, ఎనిమిదడుగుల ఎత్తు. మొత్తం 192 ఘనపుటడుగులు. అంత చోటుకి ఆ ఫ్యాను ఎక్కువే.

ఫేజు, న్యూట్రల్ సరిచేసి, వైర్లు మెలిపెట్టి టేపు చుట్టకుండా కనెక్టర్‌లో బిగించాను. మాది ప్లాస్టిక్ బాడీ. ఇనప బాడీ ఫ్యాను అయితే పచ్చ వైరు, అంటే ఎర్త్, తప్పకుండా కలపాలి. వెనక రేకులు బయటివైపుకి తెరుచుకుంటున్నాయా చూసి స్విచ్ వేశాను. బ్రహ్మాండంగా తిరిగింది. మా ఇంటామె చాయ్ కూడా ఇచ్చింది.

చాయ్ తాగి, దేవుడి దగ్గరి అగరుబత్తి ఒకటి తీసుకొని బాత్రూంలోకి పోయి తలుపు వేశాను. పొగ ఫ్యాను వైపుకి పోవాలి కద. పోలేదు. అక్కడక్కడే సుళ్లు తిరిగింది. తలుపు ఓరగా తీస్తే ఒక్కసారిగా గీత గీసినట్టు ఫ్యానులోకి పోయింది. మూస్తే మళ్లీ సుళ్లు. మా తలుపు కింద, చలి వస్తుందని, రబ్బరు పట్టీ కొట్టించి ఉంది. ఉన్న ఒక్క ఖిడికీకి అద్దం బిగించి ఉంది. లోపలికి గాలి వచ్చే దారే లేదు, ఇక ఫ్యాను దేన్ని బయటికి తోస్తుంది?

అప్పుడు నాకు సిగ్గేసింది. ఎందుకంటే నేను మిల్లులో పదకొండేళ్లు హ్యుమిడిటీ ప్లాంటు మీద పని చేశాను. దారం ఎండితే పుటుక్కున తెగుతుంది కనుక మగ్గాల ఖాతాలో 75 నుంచి 80 శాతం తేమ నిలపాలి. ఒకవైపు పెద్ద ఫ్యాన్లు నీళ్ల జల్లులోంచి గాలిని లోపలికి తోస్తే, ఇంకోవైపు వేడి గాలి బయటికి పోయేది. కొత్తగా చేరినవాళ్లకి మా జాబర్ మొదటి రోజే చెప్పేవాడు, "గాలి లోపలికి రాకుంటే బయటికి పోదురా." అదే మాట నేను ఎందరికో చెప్పాను. భోంగా మోగడం ఆగిపోయి ఎన్నేళ్లో అయింది, ఇంటి బాత్రూం దగ్గరికి వచ్చేసరికి ఆ మాట కూడా మర్చిపోయాను.

రబ్బరు పట్టీ పీకి, తలుపు కింద ఒక అంగుళం కోయించాను. పొగ ఫ్యాను దారి పట్టింది. పని అయిపోయిందనుకున్నా. మా చాళీలోనే వైర్‌మన్ పని చేసే పిల్లాడు చూడ్డానికి వచ్చి, ఫ్యాను కాదు, గీజర్ వైపు చూశాడు.

"కాకా, గిది లోపలనే ఉంచుతవా?"

"ఫ్యాను కొత్తదేసిన కదరా."

"కరెంటు పోతే నీ ఫ్యాను ఆగుతది. గీజర్ సెల్లుల మీద నడుస్తది, మంట ఆగదు."

నా దగ్గర జవాబు లేదు.

ఇందులో చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. గ్యాస్ లీకయితే వాసన వస్తుంది, ఆ వాసన మనకు తెలియాలనే కలుపుతారు. కాని చిన్న గదిలో మంట మండీ మండీ గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుట్లో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట, దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా అది పట్టుకుంటుంది. తల నొస్తుంది, కళ్లు తిరుగుతాయి, లేచి గడియ తీద్దామంటే కాళ్లలో బలం ఉండదు. మా పిల్ల గడియ తీయగలిగింది. అంతే తేడా. ఎవరికైనా స్నానం చేస్తుండగా అట్లా అనిపిస్తే నీళ్లు ఆపి, తలుపు తీసి, గాలిలోకి రావాలి. ఇంటివాళ్లు సోడా, నిమ్మకాయ అని కూర్చోకుండా దవాఖానాకి తీసుకుపోవాలి, గ్యాస్ గీజర్ సంగతి డాక్టరుకి చెప్పాలి.

గీజర్ ఇప్పుడు వెనక గోడకి, బయట రేకు కింద ఉంది. పైపుకీ కూలికీ అయిన డబ్బు, అప్పుడు మిగిల్చానని సంబరపడ్డ దానికంటే ఎక్కువే. పిల్లలు స్నానానికి పోతే గడియ పెట్టొద్దని, బయట ఎవరో ఒకరు ఉండాలని ఇంట్లో నియమం పెట్టాము. మనవరాలు మాత్రం గడియ లేకుండా స్నానం చేయనని ఏడ్చింది. తలుపు పిడికి తువ్వాల కడితే లోపల మనిషి ఉన్నట్టని గుర్తు పెట్టుకున్నాము, దానికి ఒప్పుకుంది.

తలుపు కింద సందులోంచి బొద్దింకలు వస్తున్నాయని మా ఇంటామె రోజూ గొడవ. గాలి ఆగకుండా జాలీ కొట్టాలి. ఈసారి రేపు అనలేదు, జాలీ తెచ్చి పెట్టాను, మేకులే తేవాలి.