జావా, బలిద్వీపములలో మనవారి చదువు

విదేశములకు బోయి చదువుట హుజూర్‌నగరు, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల యిండ్లలో నేడు వింత కాదు. నాగార్జునసాగరపు టెడమకాలువ క్రింద నాలుగెకరముల తరి గల రైతు సైతము కుమారునో కుమార్తెనో అమెరికాకు బంపుటకై భూమిని కుదువబెట్ట వెనుదీయుటలేదు. దానిని మేము తప్పుపట్టము. కాని తూర్పు సముద్రమున కావల, మనవలెనే వరి పండించుచు, మనవలెనే భారతకథను తోలుబొమ్మలతో నాడించుకొనుచున్న మహాదేశ మొకటి గలదనియు, అచ్చట కొలదిమాసములు చదివివచ్చుటకు మార్గము గలదనియు మన పెద్దలలో నెంద రెఱుగుదురు? ఇండొనీషియాను గూర్చియే మేము చెప్పుచున్నాము. నికోబారు దీవుల దక్షిణాగ్రమునుండి సుమత్రాకు దూర మించుమించు నూరు మైళ్ళే.

ఆ దేశప్రభుత్వము 1974లో ‘ధర్మసిస్వ’ యను విద్యార్థివేతనము నేర్పాటు చేసెను. సిస్వ యనగా మన శిష్యుడే. మొదట నది ఆగ్నేయాసియాలోని పొరుగు రాజ్యముల విద్యార్థులకు మాత్రమే యుండెను. 1976లో మఱికొన్ని దేశములకును, 1990 నుండి దౌత్యసంబంధము గల దేశములన్నిటికిని విస్తరించినది. ఇది పట్టమునిచ్చు చదువు గాదు. భాషయో, గామెలాన్ వాద్యమో, నృత్యమో, బాటిక్ అద్దకమో యేడాదికి మించని కాలమున నచ్చటి విద్యాలయములలో నేర్చుకొనుటయే దాని యుద్దేశము. ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయములు కొన్ని 1994లో నొక సంఘముగా గూడి, యోగ్యకర్తలోని గజమద విశ్వవిద్యాలయము మొదలగు తావులకు దమ విద్యార్థులను బంపుచున్నవి. వారి శిక్షణలలో నాఱు వారములవియు గలవు.

ఆఱు వారములలో నేమి తెలియునని పెదవి విఱుచువారుందురు. రవీంద్రనాథ ఠాకూరు 1927లో జావా, బలిద్వీపములను జూడబోయినపుడు భాషాశాస్త్రజ్ఞుడు సునీతికుమార ఛటర్జీయు, చిత్రకారుడు సురేంద్రనాథ కరును వెంటనుండిరి. ఆ యాత్రయు దీర్ఘమైనది కాదు. అయినను దానివలన శాంతినికేతనమున బాటిక్ అద్దకము పాదుకొనెను. ఛటర్జీ కలమునుండి యొక గొప్ప యాత్రాగ్రంథము వెలువడెను. చూచువారి కన్నునుబట్టి కాలమునకు విలువ. కాని యా దినములలో వంగదేశమున ప్రబలిన ‘బృహద్భారత’ భావము మాకు రుచింపదు. ఆ ద్వీపములు మన వలసలనియు, వారి కళలన్నియు మన యెంగిలియనియు దలచి పోవువాడు మన ముఖమునే యద్దములో జూచుకొని తిరిగివచ్చును. వారి తోలుబొమ్మలాటయగు వయాంగ్‌లో సెమార్ అను ముసలి సేవకుడు గలడు. వ్యాసభారతమున నతడు లేడు. మన ఆటలోని కేతిగానివలె నవ్వించును. అయినను నతడు మాఱురూపున నున్న దేవుడు, పాండవులకు బుద్ధి చెప్పువాడు. కథ మనదే కావచ్చును. సెమార్ మాత్రము వారివాడు.

భాషయందును నిట్లే. మలయుభాష కొద్దిమందికే మాతృభాష. జావాభాష మాటలాడువా రంతకంటె నెంతయో యధికులు. అయినను 1928 అక్టోబరు 28వ తేదీన జరిగిన యువజన ప్రతిజ్ఞలో నా దేశపు యువకులు మలయునే ‘ఇండొనీషియా భాష’యని యైక్యభాషగా నంగీకరించిరి. పెద్దభాషవారు పట్టుపట్టకుండుట మనదేశమున భాషావివాదములు చూచినవారికి విస్మయము గలిగింపక మానదు. ఆ భాషలో ‘దేస’ యనగా పల్లె. ‘సువామి’ యనగా మగడు. ‘ఇస్త్రి’ యనగా భార్య. ముసల్మానులు రంజానునెలలో జేయు నుపవాసమునకు ‘పువాస’ యని పేరు. జనులలో నూటికి ఎనుబదియైదుగురకు బైగా ముసల్మానులైన యా దేశమున, ప్రంబనాన్ దేవాలయములయెదుట 1961 నుండి రామాయణ నృత్యనాటకము జరుగుచున్నది. అందాడువారిలో ననేకులు ముసల్మానులే. జాన్‌పహాడ్ సైదుల దర్గా ఉర్సునకు హిందువులు బండ్లు కట్టుకొని పోవుట నెఱిగిన మన ప్రాంతమువారి కిది యర్థము చేసికొనుట కష్టము గాదు.

మన రైతులకు ముఖ్యముగా గావలసినది బలిద్వీపపు నీటిపాలన. అచ్చట నీటిని బంచుకొను రైతుసంఘమునకు ‘సుబక్’ అని పేరు. అది గ్రామమును బట్టి గాక నీటిని బట్టి యేర్పడినది. ఒక కాలువనుండి నీరు గ్రహించు మడులవారందఱు నొక సుబక్‌నకు జెందుదురు. పదునొకండవ శతాబ్దినాటి శాసనములయందే యీ సంఘముల ప్రసక్తి గలదు. 2012లో నీ వ్యవస్థను ప్రపంచ వారసత్వముగా గుర్తించిన యునెస్కో, దాదాపు 1200 సుబక్‌లు గలవనియు, ఒక్కొక్కదానిలో 50 నుండి 400 మంది వఱకు రైతులుందురనియు జెప్పుచున్నది. సంఘపుబెద్దను ‘పెకసే’ యందురు. కట్టుబాట్లు వ్రాసియుంచుకొందురు, తప్పినవాడు జుర్మానా చెల్లించును. కాలువ చీలుచోట నడ్డముగా దుంగ వేసి, వాటాలకొలది దానియందు గంట్లు గొట్టుదురు. ఎవని వాట యెంతయో యందఱ కన్నులయెదుటనే పాఱుచుండును.

పూర్వము మన చెఱువుల క్రిందను నీరటికాడు తూము విప్పి మడిమడికి నీరు పంచెడివాడు. 1967లో నెడమకాలువకు నీరు వచ్చిన పిదప చెఱువునాటి కట్టుబాటు కాలువ కొలత కందలేదు. 1997 నాటి చట్టము నీటివినియోగదారుల సంఘములను గల్పించెను గాని తొలినాళ్ళ యుత్సాహము నిలువలేదు. నీరు తక్కువైన యేట నెగువవాని మడి నిండియుండుటయు, కాలువ చివరి భూమి నెఱ్ఱెలు వాయుటయు మన మెఱుగనిది గాదు.

మఱి బలిద్వీపమున నెగువవాడు దిగువవాని కేల లొంగును? ధర్మబుద్ధిచేతనే కాదు. అమెరికా మానవశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ లాన్సింగ్ ఆ ద్వీపమున జిరకాలము పరిశోధించి దీనికి సమాధానము చెప్పెను. అందఱు నొక్కసారి నాటి, యొక్కసారి కోసి, యొక్కసారి బీడుంచినచో పురుగునకు దిండి దొఱకదు. నీరందక దిగువవాడు వేఱుకాలమున నాటెనా, పురుగు వాని మడిలో బ్రతికి మరల నెగువకు వచ్చును. కావున దిగువవానికి నీరు విడుచుట యెగువవానికే లాభము. ఈ నాటుదినములు జలదేవాలయములలో సమావేశమై నిర్ణయించుకొందురు. బాటూరు సరస్సునొద్ది గుడి వానికెల్ల బెద్ద. 1970 తరువాత ప్రభుత్వము క్రొత్తవంగడములు దెచ్చి, యెడతెగక నాటుడని బోధింపగా నీ పొందిక చెడెను. చీడలు పెరిగెను, నీటి తగవులు మొదలయ్యెను. తుదకు రైతులే పాతపద్ధతిని గోరిరి.

ఆ దేశమంతటను దోమపోటు వరిని దినివేయగా, 1986లో ప్రభుత్వము వరిపై జల్లు 57 మందులను నిషేధించెను. పురుగును బట్టి చూచి, మిత్రుడెవడో శత్రువెవడో చేనిలోనే రైతుకు నేర్పు పాఠశాలలు 1989లో నచ్చట వెలసెను. ఆ పద్ధతియే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థద్వారా దేశదేశములకు బాకి, మనకు ‘పొలంబడి’ యను చక్కని పేరుతో వచ్చినది. బడి మనయూరికి వచ్చినది. ఆ బడి పుట్టినచోటికి మనవారు పోవుట యెన్నడు?

ధర్మసిస్వ వేతనము దొఱకినవాడు పోవుగాక. దొఱకనివానికై మిర్యాలగూడ బియ్యపుమిల్లుల యజమానులును, సహకార పరపతి సంఘములును గూడి యేటికొక్కరి నంపినను జాలును. బ్యాంకివద్ద భూమి పెట్టవలసినంత వ్యయ మీ చదువునకు బట్టదు. పోవువాడు బయలుదేఱుటకు ముందే భాషలో నోనమాలు దిద్దుకొనవలెను. లిపి రోమనులిపి, క్రియలకు గాలభేద రూపములు లేవు, కావున మూడునెలల శ్రద్ధతో సంభాషణ పట్టుబడును. వేడుకలు జూపి పంపు హోటళ్ళలో గాక పల్లెలోని యింట దిగవలెను. మఱియొకటి: తన యూరి మేజరుకాలువ నెడతెగక నడిచి, యే తూముక్రింద నెన్ని యెకరములు, ఎవరికి నీరందును, ఎవరి కందదు, క్రిందటి యేట వరుస యెట్లు దప్పెనో యంతయు నొక పుస్తకమున వ్రాసికొని పోవలెను. సుబక్‌పెద్ద తన లెక్క చెప్పి, ‘మీ యూరిలో నెట్లు?’ అని యడుగకుండునా?