నాలుగు ఊళ్ళలో వాయించారు... ఒక్క గదిలో పాడినట్టుంది!

పేరు విని సర్కస్ కంపెనీ అనుకునేరు! 'యానిమల్ కలెక్టివ్' అంటే అమెరికాలోని బాల్టిమోర్ ప్రాంతంలో చదువుకునే రోజుల్లో జట్టు కట్టిన నలుగురు స్నేహితుల పాటల బృందం. బృందం పేరే కాదు, మనుషుల పేర్లూ అలాంటివే. ఒకాయన పాండా బేర్, ఇంకొకాయన ఏవీ టేర్, మూడో ఆయన డీకిన్, నాలుగో ఆయన జియాలజిస్ట్. తల్లిదండ్రులు పెట్టిన పేర్లు వరసగా నోవా లెనాక్స్, డేవిడ్ పోర్ట్‌నర్, జోష్ డిబ్, బ్రయన్ వైట్జ్. కుర్రతనంలో సొంతంగా రికార్డు చేసుకున్న టేపుల మీద పాండా బొమ్మలు గీసేవాడట నోవా, అందుకని ఆ పేరు. బ్రయన్ చదివింది పర్యావరణానికి సంబంధించిన చదువు. ఎవరో భూగర్భశాస్త్రం అనుకున్నారు. ఆ పొరపాటే పేరై కూర్చుంది! చీకటి స్టేజీ మీద తన మెషీన్ల మీటలు కనబడాలని ఆయన గని కార్మికుడిలా నుదుటికి లైటు కట్టుకుని వాయిస్తాడు. పేరుకి తగ్గ వేషం!

'ఇదెవరి గోల, మేమెప్పుడూ వినలేదే' అంటారా? మీరు విని ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. 2013లో డాఫ్ట్ పంక్ జంట విడుదల చేసిన 'రాండమ్ యాక్సెస్ మెమరీస్' ఆల్బమ్ ప్రపంచమంతా మోగిపోయింది, గ్రామీ అవార్డుల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ కూడా కొట్టేసింది. అందులో 'డూయిన్ ఇట్ రైట్' పాటలో వినిపించే ఆ లేత గొంతు మన పాండా బేర్‌దే.

ఇంతకీ ఇప్పుడు వీళ్ళ కథ ఎందుకంటే, వరసగా ఫ్లాపులు వచ్చిన హీరో మళ్ళీ నిలదొక్కుకోవడం మన సినిమా లోకంలో చూస్తూనే ఉంటాం. సాధారణంగా అలాంటి హీరో ఏం చేస్తాడు? పాత హిట్టు ఫార్ములానే దులిపి మళ్ళీ తొడుక్కుంటాడు. వీళ్ళు ఆ పని చేయలేదు. 2009లో ఆకాశానికెత్తిన అభిమానుల్లో చాలామంది 2016 నాటికి 'ఇక వీళ్ళ పని సరి' అనేసుకున్నారు. అలాంటిది, 2022 ఫిబ్రవరి 4న వచ్చిన 'టైమ్ స్కిఫ్స్' వింటే చలికాలం సాయంత్రం పొయ్యి పక్కన చేరి కబుర్లు చెప్పుకుంటున్నట్టుంటుంది. ఈ వెచ్చదనం ఎక్కడినుంచి వచ్చింది? అదే చూద్దాం.

ఎంతమంది వస్తే అంతమందే

నోవా, జోష్ రెండో తరగతి నుంచీ దోస్తులు. డేవిడ్, బ్రయన్, జోష్ హైస్కూల్లో కలిశారు. 2000లో వచ్చిన మొదటి ఆల్బమ్ మీద ఏవీ టేర్, పాండా బేర్ అని రెండు పేర్లే ఉన్నాయి. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నారు: ఒక్కో ఆల్బమ్‌కి ఎవరికి వీలైతే వాళ్ళు వస్తారు. ఇద్దరొచ్చినా, ముగ్గురొచ్చినా, నలుగురొచ్చినా బృందం పేరు ఒకటే. రానివాడి మీద అలక లేదు. 'కలెక్టివ్' అనే మాటకి వీళ్ళిచ్చుకున్న అర్థం ఇది. చాలా బృందాలు పేరు కోసం, వాటాల కోసం కోర్టుల దాకా వెళ్ళిన సంగతి తెలిసిందేగా. వీళ్ళు విడిపోకుండా ఉండటానికి కారణం, ఎప్పుడు కావాలంటే అప్పుడు విడిగా ఉండగలగడమే!

అన్నట్టు, 2003లో నలుగురూ కలిసి చేసిన ఆల్బమ్ పేరు 'హియర్ కమ్స్ ది ఇండియన్'. ఆ ఇండియన్ మనం కాదు లెండి, అమెరికా ఆదివాసులు. ఆ పేరు వాళ్ళని కించపరిచేలా ఉందని తమకే అనిపించి, 2020లో దాన్ని 'ఆర్క్' అని మార్చేశారు. పదిహేడేళ్ళ తర్వాత పాత బోర్డు మీద రంగు మార్చుకున్నారన్నమాట.

వీళ్ళ పాటల్ని ప్రయోగాత్మకం అనడానికి కారణముంది. ఒక గొంతు మీద ఇంకో గొంతు, దానిమీద మూడోది. కేకలు, నీళ్ళ చప్పుళ్ళు, పిచ్చిపట్టినట్టు తిరిగే తాళాలు. వీటన్నిటి అడుగున పిల్లలు కూడా పాడుకోగలిగే సులువైన వరస ఒకటి దాక్కుని ఉంటుంది. అది దొరికేదాకా గోల, దొరికాక అమృతం.

శిఖరం మీద ముగ్గురు

2009 జనవరిలో వచ్చిన 'మెరివెదర్ పోస్ట్ పెవిలియన్' వాళ్ళ బ్లాక్‌బస్టర్. మేరీలాండ్ రాష్ట్రంలో, వీళ్ళ ఊరికి దగ్గర్లోనే ఉన్న ఒక ఆరుబయలు కచేరీ వేదిక పేరది. అట్ట మీద ఆకుపచ్చ ఆకుల బొమ్మ... కాసేపు చూస్తే ఆకులు కదులుతున్నట్టే ఉంటుంది! జపాన్ సైకాలజీ ప్రొఫెసర్ అకియోషి కిటావోకా సృష్టించిన కనికట్టు బొమ్మల పుణ్యం అది. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 13వ స్థానం దాకా ఎక్కిన ఈ ఆల్బమ్‌ని, అప్పట్లో కుర్రకారుకి సంగీతంలో తీర్పరి లాంటి పిచ్‌ఫోర్క్ ఆ ఏటి మేటిగా ఎంచింది. అందులో 'మై గర్ల్స్' పాట ఇప్పటికీ వినొచ్చు. ఆడంబరాలు నాకక్కర్లేదు, పెళ్ళానికీ పిల్లకీ ఒక నీడ ఉంటే చాలు అని ఒక తండ్రి కోరుకునే పాట. అంత వింత శబ్దాల మధ్య అంత మామూలు కోరిక!

ఈ ఘనవిజయంలో డీకిన్ లేడు. విశ్రాంతి కావాలని పక్కకి తప్పుకున్నాడు. గిటారు వాయించేది ఆయనే కాబట్టి, మిగతా ముగ్గురూ గిటారుని దాదాపు పక్కనబెట్టి, రికార్డు చేసిన శబ్దాలని మీట నొక్కి మోగించే శాంప్లర్ పెట్టెలతోనే పని కానిచ్చారు. ఆ లోటే ఆల్బమ్‌కి కొత్తదనమైంది. విధి విచిత్రం అంటే ఇదే!

2012లో డీకిన్ తిరిగొచ్చాడు. నలుగురూ ఒకచోట చేరి 'సెంటిపీడ్ హెర్ట్జ్' చేశారు. మరి వెచ్చదనం రావాలి కదా? రాలేదు. జెర్రికి ఎన్ని కాళ్ళో ఆ పాటలకి అన్ని చప్పుళ్ళు. నలుగురూ ఒకేసారి మాట్లాడే ఇంట్లో కూర్చున్నట్టు, వినేవాడికి ఊపిరాడదు. 2016లో 'పెయింటింగ్ విత్' వచ్చింది. ఈసారీ డీకిన్ లేడు. బీచ్ బాయ్స్ వాళ్ళ ప్రసిద్ధ ఆల్బమ్ 'పెట్ సౌండ్స్' రూపుదిద్దుకున్న హాలీవుడ్ స్టూడియోలోనే దీన్నీ రికార్డు చేశారు. విడుదలకి ముందు, 2015 నవంబరులో, బాల్టిమోర్ విమానాశ్రయం స్పీకర్లలో ఆల్బమ్ మొత్తాన్ని వినిపించారు! పెట్టె ఈడ్చుకుంటూ పరుగెత్తే ప్రయాణికుల్లో ఎందరు చెవి ఒగ్గారో గానీ, ఆలోచన మాత్రం భలే ఉంది. పాటలు మాత్రం చిట్టివి, పొట్టివి, కిక్కిరిసినవి. ఒకడు సగం మాట అంటే రెండోవాడు మిగతా సగం అందుకునే పాటలు. 'ఫ్లోరిడాడా' ఒక్కటే వింటే హుషారుగానే ఉంటుంది, వరసగా పన్నెండూ వింటే జాతరలో తప్పిపోయినట్టుంటుంది. 2018లో పగడపు దిబ్బల వీడియోకి జతగా 'టాంజరీన్ రీఫ్' చేసినప్పుడు పాండా బేర్ లేడు. అభిమానులు దాన్ని విన్నారు, గౌరవించారు, పక్కన పెట్టారు.

నాష్‌విల్ దగ్గర ఒక ఇల్లు

2019లో నలుగురూ టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ దగ్గర ఒక ఇంట్లో మకాం వేశారు. వండుకోవడం, వాయించుకోవడం, కొత్త పాటలు కట్టుకోవడం. అసలు కిటుకంతా ఇక్కడుంది. పాండా బేర్ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. గొంతు చించుకుని అరవడంలో మేటి అయిన ఏవీ టేర్ బేస్ గిటారు అందుకున్నాడు. బేస్ వాయించేవాడు తొందరపడితే పాట కూలిపోతుంది, అందుకని ఆయనా నెమ్మదించాడు. డీకిన్ పియానో, గిటారు చూసుకున్నాడు. జియాలజిస్ట్ తన మెషీన్లతో పాటు హర్డీ గర్డీ కూడా నేర్చుకున్నాడు. పిడి పట్టుకుని చక్రం తిప్పితే తీగలు రాపిడికి మోగే పాతకాలపు యూరప్ వాద్యం అది. మన తంబురాలా అడుగున ఒక శ్రుతి మోగుతూనే ఉంటుంది.

పాటలు చేతికొచ్చాయి, రికార్డు చేద్దాం అనుకునేసరికి 2020. కరోనా! ఎవరింట్లో వాళ్ళు బందీలు. పాండా బేర్ ఉండేది పోర్చుగల్‌లోని లిస్బన్‌లో. ఏవీ టేర్ నార్త్ కరొలైనా కొండల్లోని ఆష్‌విల్‌లో. మిగతా ఇద్దరు బాల్టిమోర్, వాషింగ్టన్ నగరాల్లో. ఎవరి భాగం వాళ్ళు రికార్డు చేసి ఒకరికొకరు పంపుకున్నారు. అలా చేరినవన్నీ లండన్‌లో మార్తా సలోన్యి అనే సౌండ్ ఇంజనీరు చేతిలో పడి ఒక కుదురుకి వచ్చాయి.

ఇప్పుడు చూడండి తమాషా! 2012లో నలుగురూ ఒక్కచోట ఉండి చేసిన ఆల్బమ్ నాలుగు దిక్కులా చెదిరినట్టుంటే, నాలుగు ఊళ్ళలో ఉండి చేసిన ఈ ఆల్బమ్ ఒక్క గదిలో పాడినట్టుంది. నాష్‌విల్ మకాంలో ఒకరి అడుగు ఒకరికి తెలిసిపోయింది కాబట్టి, దూరంగా ఉన్నా పక్కవాడు ఎక్కడ ఆగుతాడో ఊహించి అక్కడ చోటు వదిలారు. ఇంకో కారణం నాకు తోచింది చెబుతాను. ఎదురుగా మనిషి లేనప్పుడు మనం వాడి మాటని మామూలుకన్నా శ్రద్ధగా వింటాం. ట్రంకు కాల్ రోజులు గుర్తున్న పెద్దల్ని అడగండి, ఒప్పుకుంటారు!

తొమ్మిది పాటలు... ఏది ముందు?

'స్కిఫ్' అంటే చిన్న పడవ. కాలం మీద తేలిపోయే పడవలన్నమాట. మొదట 'ప్రెస్టర్ జాన్' వినమంటాను. పాండా బేర్ కట్టిన ఒక పాటనీ, ఏవీ టేర్ కట్టిన ఇంకో పాటనీ కలిపి ఒక్కటి చేశారు. అతుకు కనబడదు. ఈ ప్రెస్టర్ జాన్ ఎవరంటారా? తూర్పున ఎక్కడో ఇండియా వైపు గొప్ప క్రైస్తవ రాజొకడున్నాడని మధ్యయుగాల యూరప్ జనం నమ్మిన కట్టుకథలోని రాజు. ఆయన కోసం వాళ్ళు శతాబ్దాల పాటు వెతికారు! లేని రాజుని వెతికినట్టే ఈ పాట కూడా తొందర లేకుండా, తూగుతూ సాగుతుంది.

'వాకర్' పాట 2019 మార్చిలో కన్నుమూసిన గాయకుడు స్కాట్ వాకర్‌కి నివాళి. ఆయన అరవైల్లో అమ్మాయిల గుండెలు కొల్లగొట్టిన పాప్ హీరో. తర్వాత ఆ పేరంతా వదులుకుని ఎవరికీ అంతుపట్టని వింత సంగీతంలోకి వెళ్ళిపోయాడు. వీళ్ళకి ఆయన గురువులాంటివాడు కావడంలో ఆశ్చర్యమేముంది? అయితే పాటలో ఏడుపు లేదు. మంచి స్నేహితుడిని రైలెక్కించి చెయ్యూపినట్టుంటుంది.

'స్ట్రంగ్ విత్ ఎవ్రీథింగ్' బద్ధకంగా ఒళ్ళు విరుచుకుంటూ మొదలై, ఉన్నట్టుండి పరుగందుకుంటుంది. పాత ఏవీ టేర్ కేకలు కావాలనుకునేవాళ్ళకి విందు ఇక్కడే. 'చెరకీ' దాదాపు ఎనిమిది నిమిషాలు. నా మట్టుకు నాకు ఓ రెండు నిమిషాలు కోసేస్తే బాగుండేదనిపించింది. ఎడిటరు ఎవరయ్యా అని అడగాలనిపించే చోటు ఆల్బమ్ మొత్తంలో అదొక్కటే.

చివరి పాట 'రాయల్ అండ్ డిజైర్' పాడింది డీకిన్. ఇతని సంగతి కాస్త చెప్పాలి. 2009లో ఆఫ్రికాలోని మాలీ దేశంలో అప్పట్లో జరిగే ఎడారి సంగీతోత్సవానికి వెళ్ళడానికి ఇంటర్నెట్‌లో చందాలు అడిగాడు. 25 వేల డాలర్లకు పైగా వచ్చాయి. బదులుగా ఒక ఆల్బమ్ ఇస్తానన్నాడు. వెళ్ళాడు, పాడాడు, వచ్చాడు. ఆల్బమ్ మాత్రం రాలేదు. ఏడాది, రెండేళ్ళు, ఐదేళ్ళు! చందా ఇచ్చినవాళ్ళు కొందరు ఎగతాళి చేశారు, కొందరు తిట్టారు. వచ్చిన డబ్బుని అతను మాలీలో బానిసత్వం మీద పోరాడే సంస్థకి ఇచ్చేశాడు. చివరికి 2016లో 'స్లీప్ సైకిల్' వచ్చింది. ఆరు పాటలు. తనమీద తనకి నమ్మకం పోయిన మనిషి మళ్ళీ కూడదీసుకుంటున్న గొంతు అది. తిట్టినవాళ్ళే మెచ్చుకున్నారు. అలాంటి మనిషికి 2022లో మిత్రులు ఆల్బమ్ ముగింపు అప్పగించారు. నెమ్మదైన పాట. తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరని తెలిసిన గొంతు ఎలా ఉంటుందో వినండి.

మెప్పు వచ్చింది, బేరం కుదరలేదు

కథ ఇక్కడే శుభం కార్డు వేసుకుంటే సినిమా అయ్యేది. విమర్శకులు మెచ్చుకున్న ఆ 2022లోనే, అక్టోబరులో, ఇంగ్లండు, యూరప్ పర్యటన రద్దు చేసుకుంటున్నామని బృందం ప్రకటించింది. పెరిగిన ధరలు, పడిపోయిన నాణేల విలువలు, సామాను రవాణా ఖర్చులు... ఎటు లెక్కేసినా, అన్నీ సవ్యంగా జరిగినా సరే, నష్టమే తేలుతోందని దాచకుండా చెప్పేశారు. ఇరవై ఏళ్ళుగా పేరున్న బృందం పరిస్థితే ఇదైతే కొత్తగా గిటారు పట్టుకున్న కుర్రాళ్ళ గతేమిటని ఆరోజు చాలామంది అనుకుని ఉంటారు. పెద్ద కంపెనీల అండ లేని 'ఇండీ' బృందాలకి పాటలమ్మితే వచ్చేది అంతంతమాత్రం. కచేరీలే తిండిపెట్టాలి. ఆ కచేరీలకే గండిపడింది.

వీళ్ళు మాత్రం మూలన కూర్చోలేదు. నాష్‌విల్ రోజుల్లో కట్టుకున్న పాటలు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటిని ఈసారి నలుగురూ ఒకే స్టూడియోలో చేరి, డి ఏంజెలో 'వూడూ' ఆల్బమ్‌కి పనిచేసిన రస్సెల్ ఎలెవాడో చేతుల మీదుగా పన్నెండు రోజుల్లో రికార్డు చేసేశారు. 2023 సెప్టెంబరు 29న 'ఈజన్ట్ ఇట్ నౌ?' పేరుతో అది వచ్చింది. అందులో 'డిఫీట్' అనే పాట ఇరవై నిమిషాలు దాటి సాగుతుంది! 'చెరకీ' పొడవని సణిగిన నేను దీన్ని రెండుసార్లు విన్నాను. ఇందులో కోయాల్సిన చోటు దొరకలేదు.

2025 ఫిబ్రవరిలో పాండా బేర్ సొంత ఆల్బమ్ 'సినిస్టర్ గ్రిఫ్ట్' విడుదలైంది. లిస్బన్‌లో తన పక్కన కూర్చుని దాని నిర్మాణం చూసుకోమని ఆయన పిలిచింది రెండో తరగతి నాటి దోస్తు డీకిన్‌నే. మిగతా ఇద్దరూ కూడా వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. పాండా బేర్ సొంత ఆల్బమ్ ఒకదానిలో నలుగురూ వినిపించడం అదే మొదటిసారి. అట్ట మీద పేరు మాత్రం ఒక్కరిదే!