కుక్క జాతులపై నిషేధం: నగరానికి రక్షణ అవుతుందా?

మీ వీధిలో ఒక ఇంట్లో పిట్‌బుల్‌ను పెంచుతున్నారనుకోండి. ఆ జాతి కుక్కలను నగరపాలక సంస్థ పూర్తిగా నిషేధించాలా? అవుననో, కాదనో వెంటనే చెప్పేయడం తేలిక. కాని చట్టం చేయాలంటే ముందుగా మూడు ప్రశ్నలకు జవాబు కావాలి. నిషేధించదలచిన జాతిని కచ్చితంగా గుర్తించగలమా? ఆ జాతికీ, కరిచే స్వభావానికీ సంబంధం ఎంత? నిషేధించాక ప్రమాదాలు తగ్గుతాయా?

మన దేశంలో ఏం జరిగింది?

2022 జూలైలో లక్నోలో పెంపుడు పిట్‌బుల్ దాడి చేయడంతో ఒక వృద్ధురాలు మరణించారు. అదే సంవత్సరం కాన్పూర్, ఘజియాబాద్ నగరపాలక సంస్థలు పిట్‌బుల్, రాట్‌వీలర్ వంటి జాతులపై నిషేధం ప్రకటించాయి. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక, పాడి పరిశ్రమ విభాగం 23 జాతుల దిగుమతిని, అమ్మకాన్ని, సంతానోత్పత్తిని నిషేధించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఈ లేఖను కొట్టివేసింది. సంబంధిత వర్గాలను సంప్రదించకుండా ఇటువంటి నిర్ణయం తీసుకోరాదన్నది ఒక ముఖ్య కారణం. అంటే, కోర్టు తప్పుపట్టినది ప్రధానంగా నిర్ణయం తీసుకున్న పద్ధతిని.

నిషేధం కోరేవారి వాదన

ఈ వాదనలో బలం ఉంది. అన్ని కుక్కలూ కరవగలవు. కాని అన్ని కాట్లూ ఒకటి కావు. చిన్న పొమరేనియన్ కరిస్తే గాయమవుతుంది. బలమైన దవడలు, బరువైన శరీరం గల కుక్క పట్టు వదలకపోతే ప్రాణమే పోవచ్చు. పిల్లవాడు ఆడుకునే హక్కు ముందా, ఇష్టమైన కుక్కను పెంచుకునే స్వేచ్ఛ ముందా అని తల్లిదండ్రులు అడిగితే, ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం.

జాతి చెప్పగలిగేది ఎంత?

2022లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం 18 వేలకు పైగా కుక్కల గురించి యజమానులు ఇచ్చిన సమాచారాన్ని పరిశీలించింది. కుక్కల ప్రవర్తనలోని తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేల్చింది. కుక్క ఎంత తొందరగా రెచ్చిపోతుందన్నది జాతిని బట్టి చెప్పడం మరీ కష్టమని కూడా గమనించింది. పెంపకం, శిక్షణ, నిరంతరం గొలుసుతో కట్టివేయడం, భయపెట్టడం వంటివన్నీ స్వభావాన్ని ప్రభావితం చేస్తాయి. అయితే ఈ అధ్యయనం కొలిచినది ప్రవర్తనను మాత్రమే, కాటు తీవ్రతను కాదు. కాబట్టి పై వాదన పూర్తిగా వీగిపోదు.

గుర్తింపు మరో చిక్కు. సంకర జాతి కుక్క తల ఆకారం చూసి దాని వంశాన్ని నిర్ణయించడం నిపుణులకే కష్టం. ఇక నగరపాలక సిబ్బంది సంగతి చెప్పాలా?

ఇతర దేశాల అనుభవం

బ్రిటన్ 1991లో చట్టం చేసి నాలుగు రకాలను నిషేధించింది. అయినా 2023లో ఎక్స్‌ఎల్ బుల్లీ అనే ఐదవ రకాన్ని చేర్చవలసి వచ్చింది. నెదర్లాండ్స్ 1993లో పిట్‌బుల్‌లను నిషేధించి, కాట్లు తగ్గలేదని 2008లో ఆ చట్టాన్ని ఎత్తివేసింది. అమెరికాలోని డెన్వర్ నగరం 1989 నాటి నిషేధానికి బదులు అనుమతి పత్రాల విధానాన్ని 2020లో ఓటర్ల తీర్పుతో ఎంచుకుంది.

మన వీధుల సంగతి

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ణి కుక్కలు చంపాయి. అవి ఏ నిషేధిత జాబితాకూ చెందినవి కావు, వీధి కుక్కలు. ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో సుమారు 36 శాతం మన దేశంలోనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. జాతుల జాబితా ఎంత పెద్దదైనా ఈ ప్రమాదాన్ని తాకదు. దీనికి కావలసినవి టీకాలు, 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం శస్త్రచికిత్సలు, వీధుల్లో చెత్త పేరుకోకుండా చూడడం.

మరి మార్గమేమిటి?

జాతికన్నా ప్రవర్తననూ, యజమాని బాధ్యతనూ చూసే చట్టం మేలు. ప్రతి పెంపుడు కుక్కనూ నమోదు చేయించాలి, ఏటా టీకా వేయించాలి. బలమైన కుక్కను బయటికి తెచ్చినప్పుడు గొలుసు, మూతికి చిక్కం తప్పనిసరి చేయాలి. ఒకసారి కరిచిన కుక్కపై కఠినమైన ఆంక్షలు ఉండాలి. జంతువు విషయంలో నిర్లక్ష్యం వహించి ప్రాణాపాయం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఉన్న ఈ చట్టాన్ని అమలు చేయకుండా కొత్త జాబితా రాసుకుంటే, అది కాగితం మీద రక్షణగానే మిగులుతుంది.

మీరు గుర్తుంచుకోవలసినది ఒకటుంది. ఏ జాతి కుక్క కరిచినా, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు కనిపించాక బతకడం దాదాపు అసాధ్యం.

ఆలోచించండి: మీ ఊరిలో పెంపుడు కుక్కల నమోదు జరుగుతున్నదా? వీధి కుక్కలకు టీకాలు ఎవరు వేస్తున్నారు? కనుక్కుని తరగతిలో చర్చించండి.