కూలి ఎంతయని మాత్రమే అడిగి పంపకుడు



పంట పనులు ముగిసిన పిమ్మట మీ ఊరి కుర్రవాళ్లు కొందరు పని కొరకు హైదరాబాదు పాతబస్తీకి పోవుట మీరెరుగుదురు. చార్మినారు చెంత గుల్జార్ హౌజ్, చార్ కమాన్ ప్రాంతమున నగల పనిలో ఒకడు చేరవచ్చును. పాత బ్యాటరీలు విప్పు దుకాణములో మరొకడు కుదురవచ్చును. కూలి ఎంతయని అడిగి పంపెదరు. అచట వాడు పీల్చు గాలి ఎట్టిదని కూడ అడుగవలెను.

"కె.డి.ఎం. నగలు" అను మాట మీరు వినియే యుందురు. ఆ పేరు కాడ్మియము అను లోహమును బట్టి వచ్చినది. నగల అతుకులకు బంగారములో కాడ్మియము కలిపిన టంకమును వాడుట ఈ పనిలో చిరకాలపు అలవాటు. బంగారము 1064 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి గాని కరగదు. కాడ్మియము 321 డిగ్రీలకే కరగి, 767 డిగ్రీలకు మరగి ఆవిరియగును. అతుకు పెట్టునపుడు ఆ పొగ పనివాని ఊపిరిలో కలియును. బ్యాటరీ పనిలో సీసము కూడ ధూళిగను, పొగగను ఇట్లే లోనికి చేరును.

దీని వలన ఊపిరితిత్తులకే గాక గుండెకును చేటు కలదు. సీసము రక్తనాళములను సరిగా సడలనీయదు, రక్తపు పోటును పెంచును. కాడ్మియము మూత్రపిండములలో ఏండ్ల తరబడి నిలిచి వానిని చెరచును, రక్తనాళములను బిరుసెక్కించును. సీసము ఎముకలలో దాగి, పని మానిన తరువాత కూడ కొంచెము కొంచెముగా రక్తములోనికి దిగుచుండును. సీసము, కాడ్మియము, ఆర్సెనిక్ గుండెజబ్బులకు దారితీయునని 2023లో అమెరికా హృద్రోగ సంఘము హెచ్చరించినది. ఇంత సీసము వరకు హాని లేదని చెప్పుటకు హద్దేమియు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది.

"వానికి నొప్పియేమియు లేదు గదా!" అని మీరనవచ్చును. కాండము తొలుచు పురుగు లోపలనున్నను పైరు కొన్నాళ్లు పచ్చగానే యుండును గదా! ఇదియు నట్టిదే.

కావున ఈ జాగ్రత్తలు చెప్పి పంపుడు:

1. కాడ్మియము లేని టంకము దొరకుచున్నది. దానిని వాడు దుకాణములోనే చేరవలెను.

2. పొగ బయటికి పోవు ఏర్పాటుండవలెను. ముక్కుకు కట్టిన గుడ్డ పొగను ఆపజాలదు.

3. ధూళిని పొడిగా ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను.

4. పనిచోట తినరాదు, బీడీ కాల్చరాదు. పొగాకులోను కాడ్మియము కలదు.

5. సబ్బుతో చేతులు కడిగి, పని బట్టలు మార్చి ఇంటికి రావలెను. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతుకరాదు.

6. పండుగకు ఊరు వచ్చినపుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపు పోటు చూపించుకొని, తాను చేయు పని యేదో వైద్యునికి చెప్పవలెను. సీసమునకు రక్తపరీక్ష, కాడ్మియమునకు మూత్రపరీక్ష కలవు.

గ్రామాధికారులకు ఒక మనవి. ట్రాక్టరు పాత బ్యాటరీని ఊరిలో పగులగొట్టి సీసము కరగనీయకుడు. అమ్మిన దుకాణమునకే దానిని తిరిగి ఇప్పింపుడు.

కూలి డబ్బు ఇల్లు చేరిన చాలదు. కుర్రవాడును ఆరోగ్యముతో ఇల్లు చేరవలెను.